పొగగొట్టానికి కొలతలు

ఫిబ్రవరి 3

అమ్మా,

ఇక్కడ పడవల యార్డులో నేనూ నా రెంచీలూ బాగానే ఉన్నాం. నువ్వూ నీ మోకాలూ ఎలా ఉన్నారు?

ముందు అసలు సంగతి. పెద్దమేస్త్రి గారు ఈ ఉదయం నన్ను పిలిచి ఒక పడవ మొత్తం నా చేతిలో పెట్టారు. నిజంగా! ఇన్నాళ్లూ ఎవరో విప్పితే నేను తుడిచేదాన్ని, ఎవరో బిగిస్తుంటే నేను లైటు పట్టుకునేదాన్ని. ఇది మాత్రం నాది. దీవుల్లో ఉండేవాళ్లకి మందులిచ్చి రావడానికి నర్సమ్మ వెళ్లే పడవ. దాని ఇంజను బయట వేలాడే రకం కాదు, పడవ కడుపులో, గది నేల పలకల కింద ఉంటుంది. ఆ ఇంజను పొగని వెనక్కి తీసుకుపోయే రబ్బరు గొట్టం పాడైంది. కొత్త గొట్టం ఎంచి, కొలిచి, కోసి, బిగించాలి.

పాడైందని ఎలా తెలిసిందో చెప్తాను. పడవెక్కిన రోజల్లా నర్సమ్మకి తలనొప్పి. ఎండ దెబ్బేమో, అలల ఊపేమో అనుకుని మాత్ర వేసుకునేది. నేను పలకలెత్తి చూస్తే గొట్టం బయటికి నిగనిగలాడుతోంది. బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను. ఒకచోట మగ్గిన పండులా లోపలికి దిగింది. విప్పితే లోపలి పొర ఊడిపోయి నాలుకలా వేలాడుతోంది, కింద పలకంతా మసి. అంటే పొగలో కొంత నర్సమ్మ కూర్చునే గదిలోకే వస్తోందన్నమాట. పెద్దమేస్త్రి గారు చూసి, "ఈ పొగ చెప్పి రాదమ్మా, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే పడుకోబెట్టేస్తది. ఇంకొన్నాళ్లు పోతే నర్సమ్మకే నర్సు కావాల్సొచ్చేది" అన్నారు.

ఈ పని సరిగ్గా చేస్తే నన్ను పర్మినెంటు చేస్తామన్నారు. చెయ్యలేకపోతే మన ఒప్పందం ఉండనే ఉంది. వానలు మొదలయ్యేలోపు ఉద్యోగం ఖాయం కాకపోతే వచ్చి నీ పక్కన రెండో కుట్టుమిషను మీద కూర్చుంటానని మాటిచ్చాను, తప్పను. కానీ ఆ మిషను ఖాకీ ముసుగేసుకుని నా కోసం కాచుక్కూర్చుందని గుర్తొచ్చినప్పుడల్లా ఇక్కడ నా చేతులు రెండింతలు పనిచేస్తున్నాయి. కోపం తెచ్చుకోకు.

ఇంకొకటి. ఇక్కడ నా పేరు మారిపోయింది. టైలరు కూతుర్నని ఎలాగో తెలిసింది, మనిషిని కూడా సన్నగానే ఉంటాను కదా, అందరూ "సూది" అంటున్నారు. "సూదీ, ఆ బోల్టు కాస్త కుట్టెయ్" అని ఒకడు, "సూదీ, దారమేదీ" అని ఇంకొకడు. నాకు ఒళ్లు మండిపోతోంది. పర్మినెంటయ్యాక చెప్తాను వీళ్ల సంగతి.

నీ కూతురు

ఫిబ్రవరి 10

నా బంగారు తల్లికి,

నేనూ మోకాలూ రోజూ పోట్లాడుకుంటూ క్షేమంగా ఉన్నాం.

నీ ఉత్తరం వచ్చేసరికి మూలింటి టీచరమ్మ పరదాల కొలతలివ్వడానికి వచ్చి నిలబడి ఉంది. వాళ్లబ్బాయి ఏదో ఆఫీసులో ఏదో కుర్చీలో కూర్చుంటాడని ఆవిడ చెప్పని రోజు లేదు కదా. ఇవాళ నా వంతు అనుకుని, టేపు మెడలో వేసుకుని, నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. చదువుతూ చదువుతూ ఒక్కచోట కాస్త సర్దాను. "ఒక పడవ మొత్తం" అన్నచోట "ఒక ఓడ మొత్తం" అని చదివాను. పడవంటే ఆవిడకి చేపల బుట్ట గుర్తొస్తుంది, నా తప్పేముంది? సాయంత్రానికల్లా మా అమ్మాయి ఓడ కడుతోందని వీధంతా పాకింది. ఇస్త్రీ అతను వచ్చి, "ఎన్ని అంతస్తుల ఓడండీ?" అంటే మూడని చెప్పేశాను. తక్కువ చెప్పానా?

నాకు మాత్రం గుండెల్లో దడగా ఉంది. పొగగొట్టమంటే ఓడ నెత్తిన నిలబడేదే కదా. అంత ఎత్తెక్కి పనిచేస్తున్నావా? నడుముకి తాడు కట్టుకో. అయినా దాన్ని రబ్బరుతో చెయ్యడమేమిటి, గాలికి వంగిపోదూ? మీ పెద్దమేస్త్రి గారికి ఆ మాత్రం తెలియదా? రేకుతో చేయించమని నా మాటగా చెప్పు.

సూది అంటున్నారని ఏడవకు. సూది లేకుండా వాళ్ల లాగులు నిలబడతాయేమో అడుగు.

రెండో మిషనుకి నూనె వేశాను. ముసుగు దులిపి మళ్లీ కప్పాను. నిన్నేమీ తొందరపెట్టడం లేదు, ఊరికే చెప్తున్నాను.

ఓడ కట్టే పిల్ల తల్లి

ఫిబ్రవరి 17

అమ్మా,

ముందు ఆ మూడంతస్తులూ కూలగొట్టు. నాది పడవ. అందులో పదిమంది ఎక్కితే పదకొండోవాడు నిలబడాలి.

నేను ఏ నెత్తిమీదా ఎక్కలేదు. పలకల కింద, ఇంజను పక్కన, బోర్లా పడుకుని పనిచేస్తున్నాను. ఈ గొట్టం నిలబడదు, పడుకుంటుంది. విను. ఇంజను చల్లబడ్డానికి సముద్రం నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు ఇంజనంతా తిరిగి, చివర ఒక వంపు దగ్గర పొగలో పడతాయి. నిప్పుల్లాంటి పొగ అక్కడ చల్లారుతుంది, అందుకే రబ్బరు తట్టుకుంటుంది. అక్కణ్ణుంచి పొగా నీళ్లూ కలిసి ఒక పెట్టెలోకి దిగి, పెట్టె నుంచి పైకెక్కి, మెడ తిప్పి, మళ్లీ వాలుగా దిగి, పడవ వెనకనుంచి బుడబుడమంటూ బయటపడతాయి. ఆ మెడ ఎందుకంటే, వెనకనుంచి అల కొట్టినా నీళ్లు ఇంజనులోకి ఎక్కకుండా. మెడ దాటాక దారంతా వాలుగానే ఉండాలి, మధ్యలో ఎక్కడా పొట్ట వేలాడకూడదు. పాత గొట్టాన్ని పొట్ట వేలాడేట్టు వేశారు, మెడ కూడా సరిగ్గా పెట్టలేదు. అందుకని పాత దారి వదిలేసి కొత్త దారి వెయ్యమన్నారు పెద్దమేస్త్రి గారు. అంటే పాత గొట్టం పక్కన పెట్టి అదే పొడవు కోద్దామంటే కుదరదు. కొలతలన్నీ నావే.

గొట్టం ఎంచడం దగ్గర స్టోర్‌కీపరుతో యుద్ధమే అయింది. ఆయన నీళ్లు తోడే గొట్టం తెచ్చి, "రబ్బరు రబ్బరే కదమ్మా, ఏదైతే ఏంటి, తీసుకుపో" అన్నాడు. నలిపి చూశాను, పల్చన. వేడికి రెండు నెలలు కూడా ఆగదు. రెండోది మందంగానే ఉంది కానీ లోపల తీగ చుట్ట లేదు, మెడ తిప్పినచోట నొక్కుకుపోతుంది. మూడోది పొగ కోసమే చేసిన గొట్టం, మందం, లోపల తీగ. అదే కావాలన్నాను. అది కాస్త సన్నం సైజులో బోలెడుంది, ఇంజను మూతికి సరిపడే సైజులో ఒకే చుట్ట ఉంది. "సన్నందే బిగించెయ్, సాగుతదిలే" అన్నాడు. సన్నగా బిగిస్తే ఇంజను ఊపిరాడక చస్తుందండీ, అన్నాను. పెద్దమేస్త్రి గారు గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నారు. వెళ్తూ వెళ్తూ ఆ చుట్ట ఉన్న గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు!

నీకు ఫోను చేద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ ఆ స్టోర్‌కీపరు బల్లమీదే ఉంది. ఇక ఈ జన్మకి ఇవ్వడు.

నీ కూతురు (పడవ మాత్రమే)

ఫిబ్రవరి 23

పడవ పిల్లకి,

రెండంతస్తులు కూలగొట్టాను. ఒకటి ఉంచాను, అది నా మర్యాద.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పొగా నీళ్లూ ఒకే గొట్టంలో కాపురం చేస్తాయంటే మొదట నమ్మలేదు, తర్వాత కెటిల్ మూతి దగ్గర గరిటె పెట్టి చూసి నమ్మాను. కానీ నా మనసు నిండిపోయింది ఎక్కడో తెలుసా? "నలిపి చూశాను" అన్నావే, అక్కడ. గుడ్డ అమ్మేవాడు ఎన్ని కబుర్లు చెప్పినా చెవిన పెట్టకుండా ముందు నలిపి చూడమని నీకు నేర్పింది నేనే. కౌంటరు మీదకి తల అందని వయసులో నువ్వు గుడ్డ నలిపి, "ఇది ఉతికితే చస్తుందమ్మా" అంటే కొట్టువాడు మొహం మాడ్చుకున్నాడు. నా బిడ్డ ఎక్కడున్నా నా బిడ్డే.

కోసేటప్పుడు జాగ్రత్త. ఒకే చుట్ట అన్నావు.

అమ్మ

మార్చి 1

అమ్మా,

కోశాను. కురచైంది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. పెట్టె దగ్గర్నుంచి మెడ మీదుగా వెనకదాకా తాడు పెట్టి కొలిచాను. రెండుసార్లు కొలిచాను. రంపంతో నున్నగా కోశాను, తీగ కొసలు రబ్బరు పూసి మూశాను. పెట్టి చూస్తే ఒక చివర నాలుగువేళ్లు తక్కువ. లాగాను. గొట్టాన్ని లాగితే వస్తుందా? చుట్టూ ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా బాధ. పెద్దమేస్త్రి గారు ఆ ముక్క తీసుకుని, నా బల్ల పైన గోడకున్న మేకుకి వేలాడదీసి వెళ్లిపోయారు. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

చుట్టలో ఇక ఒక్కసారికి సరిపడేంతే మిగిలింది. కొత్త సరుకు వానలయ్యాక గానీ రాదట. ఈసారి కూడా పోతే నర్సమ్మ పడవ వానాకాలమంతా ఒడ్డునే ఉంటుంది, దీవుల్లోవాళ్లకి మందులుండవు, నేను నీ పక్కన మిషను మీద ఉంటాను. రంపం చూస్తేనే చెయ్యి వణుకుతోంది. మూడు రోజులైంది, కొత్త ముక్క ముట్టుకోలేదు.

ఇదిగో, చివర కోసిన చిన్న రింగుని ఈ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాను. గొట్టం లావు ఇంత. తాడు పెట్టిన దారి కూడా కింద బొమ్మ గీశాను. ఎక్కడ తప్పానో నాకే అర్థం కావడం లేదు.

నీ కూతురు

మార్చి 5

పిచ్చితల్లీ,

బొమ్మ చూడగానే నాకు తెలిసిపోయింది. తాడు వంపు లోపలివైపు పెట్టావు. చెయ్యి మడిచి చూసుకో. మోచెయ్యి లోపల ఎంత, బయట ఎంత? చొక్కా చేతికి లోపలి కుట్టూ బయటి కుట్టూ ఒకే పొడవు పెడితే మనిషి చెయ్యి మడవగలడా? ఈ మాట నీకు ఎన్నిసార్లు చెప్పానో ఆ మిషన్లనడుగు. నీ తాడు సన్నం కాబట్టి దగ్గరిదారిన పోయింది. గొట్టానికి లావుంది, అది దగ్గరిదారిన పోలేదు.

ఖరీదైన గుడ్డ కోసేముందు మనమేం చేస్తాం? ముతకగుడ్డతో ఒకటి కుట్టి, ఒంటిమీద వేసి చూస్తాం. అందుకే నీ పెన్సిలు గుండ్రం చూసి, సరిగ్గా అంత లావున ఒక పొడుగు గుడ్డ గొట్టం కుట్టాను. లోపల రంపప్పొట్టు కూరి, రెండు వైపులా మూతి కుట్టాను. జానెడుకొకచోట ఎర్రదారం గీత వేశాను. ఇది నీ గొట్టానికి నమూనా. పెట్టె మూతి దగ్గర్నుంచి నువ్వనుకున్న దారిన పడుకోబెట్టు, మెడ తిప్పు, వెనకదాకా తీసుకెళ్లు. ఎక్కడ ఆగితే అక్కడ సుద్దతో గుర్తుపెట్టు. తీసి తిన్నగా పరిచి, అది ఎంతుంటే అంత కొయ్యి. ఒక వేలెడు ఎక్కువే ఉంచుకో, ఎక్కువైతే కోసుకోవచ్చు.

అంత గట్టిగుడ్డ ఎక్కడ దొరికిందని అడక్కు, దొరికింది.

పార్సిలు వేరే పంపుతున్నాను. పార్సిల్లో ఉత్తరం పెట్టకూడదట, కౌంటరు దగ్గర పెద్దమనిషి నా చేత మొత్తం విప్పించి మళ్లీ కుట్టించాడు. ఉత్తరం ముందొస్తుందిలే.

వణుకుతున్న చెయ్యిని ఒకసారి వెచ్చటి నీళ్లలో పెట్టుకో.

అమ్మ

మార్చి 9

అమ్మా,

పార్సిలొచ్చింది. నీ దగ్గర్నుంచి నా ఉత్తరానికి జవాబు మాత్రం రాలేదు, ఒక్క దిండే వచ్చింది.

మొదట కాస్త బాధేసింది. నేను అంత ఏడుస్తూ రాస్తే అమ్మ పడుకోమని దిండు పంపిందేమిటి అనుకున్నాను. తర్వాత అనుకున్నాను, అమ్మ చెప్పేదీ అదే కదా, పడుకో, నిద్రపో, రేపు చూసుకో అని. రెండు రాత్రులుగా దానిమీదే తల పెట్టుకుంటున్నాను. కొంచెం గట్టిగా ఉంది, సన్నంగా ఉంది, మనిషికన్నా పొడుగుంది, అందుకని రెండు మడతలేసుకుంటున్నాను. నాతో ఉండే అమ్మాయి, "మీవైపు దిండ్లు ఇలాగే ఉంటాయా?" అని అడిగింది. మా అమ్మ స్పెషలు అన్నాను. ఆ ఎర్రదారం గీతలు అందం కోసమా?

నీ దిండు పుణ్యమా అని నిద్రపడుతోంది. గొట్టం మాత్రం ఇంకా ముట్టుకోలేదు.

నీ కూతురు

మార్చి 13

దిండా!

రంపప్పొట్టు కూరిన దిండు మీద ఎవరైనా పడుకుంటారే? అది నమూనా! నీ గొట్టానికి నమూనా! కళ్లు కాయలు కాసేలా కూర్చుని, కొలత వెంట్రుకవాసి తప్పకుండా కుడితే, దాన్ని రెండు మడతలేసి తలకింద పెట్టుకున్నావా? మడతపడ్డచోట పొట్టు జరిగిపోయి ఉంటుంది, నాలుగు దెబ్బలేసి సర్దు. వెంటనే పడవలోకి తీసుకుపో. నా ఉత్తరం ఏ మూల పడిందో ఆ పోస్టువాళ్లకే తెలియాలి.

టీచరమ్మకి ఈ సంగతి చెప్పలేదు. చెప్పను కూడా.

నీ దిండు స్పెషలు అమ్మ

మార్చి 13

అమ్మా,

నీ అయిదో తారీఖు ఉత్తరం ఇప్పుడొచ్చింది. చదివి, తలకింద నుంచి "దిండు" లాగి, దాన్ని చూస్తూ నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. వెంటనే భుజాన వేసుకుని యార్డుకి పరిగెత్తాను.

పడుకోబెట్టాను. నిజంగా నువ్వన్నట్టే! తాడు చెప్పినదానికీ నీ గుడ్డ చెప్పినదానికీ నాలుగువేళ్లు తేడా. నా నాలుగువేళ్లు దొరికాయమ్మా!

కానీ ఒక చిక్కుంది. నీ గుడ్డ మంచిది, ఎలా చెబితే అలా వింటుంది. రబ్బరు వినదు. లోపల తీగ ఉంది కదా, కొంతవరకే వంగుతుంది, ఆపైన మొండికేస్తుంది. మెడ దగ్గర నీ నమూనా మడతపడి చిన్న సందులో దూరిపోయింది, అసలు గొట్టం అక్కడ దూరదు. దీన్ని నమ్మి కోస్తే మళ్లీ కురచే అవుతుంది. ఏం చెయ్యాలా అని చూస్తుంటే మేకుకి వేలాడుతున్న నా కురచ ముక్క కనపడింది. దాన్ని దించి, నేలమీద పెట్టి, వంగినంతా వంచి, పక్కనే సుద్దగీత గీశాను. కాగితాలు అతికించి ఆ గీత మీద పరిచి, గీతని పెన్సిలుతో దించుకుని పంపుతున్నాను. గొట్టం ఇంతకన్నా ముడుచుకోదు. నమూనా కూడా ఇలాగే మొండికేసేలా కుట్టగలవా?

పెద్దమేస్త్రి గారు వచ్చి నమూనా ఎత్తి, తిప్పి, కుట్టు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయి, "ఏ తెరచాపల వాళ్ల దగ్గర కుట్టించావ్? చెయ్యి మంచిది" అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. చుట్టూ అందరూ ఉన్నారు. మా అమ్మ అని చెబితే ఇంకో సంవత్సరం సూది పాట పాడతారు.

నీ కూతురు

మార్చి 19

అమ్మాయికి,

రెండో నమూనా పంపుతున్నాను. చొక్కా కాలర్లలో పెట్టే గట్టిగుడ్డని పట్టీలుగా కోసి, లోపల చుట్టలు చుట్టలుగా కుట్టాను, నీ రబ్బరులో తీగ ఉన్నట్టే. నువ్వు పంపిన గీతని నేలమీద పరిచి, దానిమీద వంచి చూశాను. మొదటిసారి మరీ మెత్తగా వంగింది, విప్పాను. రెండోసారి కర్రలా నిలబడింది, విప్పాను. ఇప్పుడు నీ గీతమీద గీతలా కూర్చుంటోంది. దీంతో కొయ్యి. ఇది తప్పు చెప్పదు.

గొట్టం దారి మీద ఒక అనుమానం. మెడ దాటాక వాలుగా దిగాలన్నావు, మధ్యలో ఏమీ పట్టుకోకపోతే బరువుకి పొట్ట వేలాడదా? పరదా కడ్డీ పొడుగైతే మధ్యలో ఇంకో కొక్కెం పెడతాం. చూసుకో.

తెరచాపల వాళ్లకి నా నమస్కారాలు. వాళ్ల చెయ్యి మంచిదని విని చాలా సంతోషించాను.

నేను ఈ వీధిలో మూడంతస్తుల ఓడ కట్టాను నీ పేరున. నువ్వు అక్కడ ఒక్క దిండు కూడా నా పేరున చెప్పలేకపోయావు. సరేలే.

ఇట్లు,
తెరచాపల వాళ్లు

ఏప్రిల్ 2

అమ్మా, అమ్మా, అమ్మా,

కోశాను. సరిపోయింది.

నువ్వు కోపంగా ఉన్నావని తెలుసు. అయినా మొదట్నుంచీ చెప్తాను, ఆగు.

నీ రెండో నమూనా పడుకోబెట్టాను. మెడ దగ్గర సరిగ్గా రబ్బరులాగే మొండికేసింది. సుద్దగీత పెట్టి, తీసి, పరిచి, ఒక వేలెడు ఎక్కువ ఉంచి కోశాను. చెయ్యి వణకలేదు. బిగించేటప్పుడు గ్రీజు పూద్దామని ఒకడు డబ్బా పట్టుకొచ్చాడు, వద్దన్నాను, గ్రీజు రబ్బరుని తినేస్తుంది. సబ్బునీళ్లు రాసి, తిప్పుతూ తోస్తే మూతి మీదకి నీ చొక్కా చెయ్యిలా ఎక్కింది. ప్రతి చివరా గొట్టం చుట్టూ బిగించే క్లాంపులు రెండేసి, ఒకదాని స్క్రూ ఇటు, ఒకదాని స్క్రూ అటు. మధ్యలో పొట్ట వేలాడకుండా రెండుచోట్ల పట్టీలు కట్టాను. నీ పరదా కొక్కేలే. మిగిలిన వేలెడూ చివర్లో కోసేశాను. ఆ రింగు నా జేబులో ఉంది.

నిన్న నీళ్లలో దించాం. ప్రతి అతుకుకీ తెల్లగుడ్డ చుట్టమన్నారు పెద్దమేస్త్రి గారు. ఎక్కడైనా పొగ కారితే గుడ్డ మీద మసి పడుతుంది. నర్సమ్మ ఊరుకోకుండా, "నా తలకాయ కన్నా మంచి పరీక్ష ఏముంటుంది, నేనూ వస్తా" అని గదిలో కూర్చుంది. దీవిదాకా వెళ్లి తిరిగొచ్చాం. వెళ్లినంతసేపూ నేను పలకల సందులోంచి గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి బుడబుడమంటూ నీళ్లు పడుతుంటే అంత మంచి చప్పుడు నేను ఇంతవరకు వినలేదమ్మా. ఒడ్డుకి రాగానే గుడ్డలు విప్పాం. మల్లెపూవులా ఉన్నాయి. నర్సమ్మ గదిలోంచి వచ్చి, చేతిలో ఉన్న తలనొప్పి మాత్ర చూపించి, సముద్రంలోకి విసిరేసింది!

అప్పుడు రేవు మీద అందరూ ఉన్నారు. పడవ నడిపే ఆయనతో పెద్దమేస్త్రి గారు చెప్తున్నారు: "పిల్ల పని బాగుంది. ఆ నమూనా కుట్టిన తెరచాపల వాళ్లెవరో కూడా గట్టోళ్లే." నీ ఉత్తరం చివరి వరస నా గుండెలో ముల్లులా ఉంది. నేను గట్టిగా అన్నాను, ఇంజను ఆగిపోయి ఉంది కాబట్టి రేవంతా వినపడింది: "తెరచాపల వాళ్లు కాదండీ. మా అమ్మ కుట్టింది. మా అమ్మ టైలరు."

ఒక్కడూ నవ్వలేదు. దారమేదీ అని ఎప్పుడూ ఏడిపించే అతనే ముందు నోరు తెరిచాడు: "అయితే సూది అని తప్పుగా ఏం పెట్టలేదు కదా పేరు!" పెద్దమేస్త్రి గారు అడిగారు: "మీ అమ్మగారు ఇంకో రెండు లావుల్లో కుడతారా? యార్డుకి కావాలి." అడిగి చెప్తానన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎలా? నీ విలువ తగ్గదూ?

నమూనా ఇప్పుడు నా బల్ల పైన మేకుకి ఉంది. కురచ ముక్కని పెద్దమేస్త్రి గారు నా చేతికిచ్చి, "ఇది నీది, ఇక గోడమీద అక్కర్లేదు" అన్నారు. సోమవారం నుంచి పర్మినెంటు. నాకు ఓవరాలిచ్చారు, అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. కొలతలు నీకు తెలుసు.

ఒక్కటి అడగాలి. రెండో నమూనా చివర, మూతి దగ్గర, కాలిన మచ్చ ఉంది. ఇస్త్రీపెట్టె మూల ఆకారంలో. అది నేనే కాల్చాను కదూ, నువ్వు బజారుకెళ్లినప్పుడు, ఏడేళ్లప్పుడు? అమ్మా, అది రెండో మిషను ముసుగేనా?

నీ సూది

ఏప్రిల్ 9

నా సూదికి,

నీ ఉత్తరం టీచరమ్మకి చదివి వినిపించాను. ఈసారి ఒక్క ముక్క సర్దలేదు. "పడవ" అన్నచోట పడవ అనే చదివాను. "మా అమ్మ టైలరు" అన్నచోట కాగితం ఆవిడ చేతిలో పెట్టేశాను, మిగతాది ఆవిడే చదివింది. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మా వాడు ఆఫీసులో నా పేరెప్పుడైనా ఎత్తాడో లేదో" అంది. పాపం, ఆవిడకి టీ పెట్టిచ్చాను.

కుడతానని చెప్పు. ఎన్ని లావులైనా కుడతాను. కానీ ప్రతి లావుకీ కాగితం మీద పెన్సిలు గుండ్రం పంపాలి, నోటిమాట కొలతలు నేను తీసుకోను. పార్సిలు మీద "దిండు కాదు" అని పెద్దక్షరాలతో రాస్తాను. ఓవరాలు పంపు. నడుం దగ్గర లోపలికి పట్టి, మోకాళ్ల మీద రెండు పొరలు వేస్తాను, రోజంతా మోకాళ్ల మీదే కదా నువ్వు. నా మోకాలిలా నీది కాకూడదు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. అవును, ముసుగే. మొదటి నమూనాకి సగం పోయింది, రెండోదానికి మిగతా సగం. మన కొట్లో పైపొరకి అంత గట్టిగుడ్డ ఇంకొకటి లేదు. నువ్వు వస్తావని, ఆ మిషను మీద దుమ్ము పడకూడదని ఇన్నాళ్లూ దాన్ని దులిపి దులిపి కప్పాను. కత్తెర పెట్టేముందు కాస్త ఆగాను, అబద్ధమెందుకు. నీ చెయ్యి వణుకుతోందని రాశావు, అది గుర్తొచ్చి కోసేశాను. కోసేశాక నాకు హాయిగా ఉంది. నువ్వు రావు. రాకూడదు కూడా. నువ్వక్కడ బోర్లా పడుకుని పొగా నీళ్లూ కాపురం చేసే గొట్టాలు బిగించాల్సిన మనిషివి, ఇక్కడ గుండీలు కుట్టాల్సిన మనిషివి కాదు. నిన్ను చూసి నాకెంత గర్వంగా ఉందో రాయాలంటే ఈ కాగితం చాలదు.

ముసుగు లేని మిషనుని ఖాళీగా పెట్టకూడదని, వెనక వీధిలో ఉండే ఆమెని పనిలోకి పెట్టుకున్నాను. చేతి వాటం బాగుంది, మాట తక్కువ, టీ ఎక్కువ. మొదటిరోజు మిషను ముందు కూర్చుని, "ఇది ఎవరిదండీ?" అని అడిగింది. మా అమ్మాయిది అన్నాను. "ఏం చేస్తుంది?" అంది. నోటిదాకా ఓడ వచ్చింది. మింగేశాను. "పడవల్లో పొగగొట్టాలు ఎంచుతుంది, కొలుస్తుంది, కోస్తుంది, బిగిస్తుంది" అన్నాను. మూడంతస్తుల ఓడ చెప్పినప్పుడు కూడా నా మెడ ఇంత నిటారుగా నిలబడలేదే.

అమ్మ
(టైలరు)